తెలిసిన మాటే మెట్టు.. తెలిసిన మాటే గుంట
వయోజనుల ఆంగ్ల తరగతిలో తొలి అడుగు ఎక్కడ పడాలి?

బద్వేలు: సాయంత్రం ఆరున్నర గంటలు. పొలం పని, కుట్టుపని, హోటలు పని ముగించుకొని వచ్చిన పదిహేను మంది ఓ మండల కేంద్రంలోని పాఠశాల గదిలో చిన్నపిల్లల బెంచీలపై ఒదిగి కూర్చున్నారు. వారిలో అధికులు మహిళలు. ‘మీకు వచ్చిన ఇంగ్లీషు మాటలు చెప్పండమ్మా’ అని విశ్రాంత ఉపాధ్యాయుడు అడగ్గానే గది మూగబోయింది. ‘ఒక్క ముక్క కూడా రాదు సార్. వస్తే ఈడికెందుకొస్తాం?’ అన్నారు ముందు వరుసలోని ఒకామె. ‘ఇక్కడికి దేంట్లో వచ్చినావమ్మా?’ అని ఆయన అడిగారు. ‘ఆటోలో.’ ‘ఇంట్లో ఫ్యాను తిరగలేదంటే ఏం పోయినట్టు?’ ‘కరెంటు.’ ‘దుడ్లు ఎక్కడ దాచుకుంటావు?’ ‘బ్యాంకులో.’ ఒక్కొక్క మాటనూ ఆయన బోర్డుపై తెలుగు లిపిలోనే రాస్తూ పోయారు. బస్సు, టికెట్టు, మోటారు, స్టార్టరు, ఫ్యూజు, లోను, పాసుబుక్కు, రేషన్‌కార్డు, సిమ్ము, ఛార్జరు, బీపీ, షుగరు, స్కానింగు... అరగంటలో బోర్డు చాలలేదు.

ఆంగ్లం నేర్చుకోవాలని వచ్చే పల్లె వయోజనుడు నిజానికి ఖాళీ చేతులతో రావడం లేదు. వందలాది మాటలు వెంట తెచ్చుకొంటున్నాడు. చిక్కల్లా ఆ మాటలు తెలుగు ఒంటికి తగినట్లు కుట్టించుకొన్న చొక్కాల వంటివి కావడమే. తరగతి వాటితో మొదలుకావాలి, వాటినే మళ్లీ విప్పి చూపించాలి. ‘ఏ ఫర్ ఆపిల్’తో మొదలుపెట్టే తరగతులు నెల తిరక్కముందే ఎందుకు ఖాళీ అవుతున్నాయో అర్థం చేసుకోవాలంటే ముందు ఈ చొక్కాల సంగతి చూడాలి.

‘షేర్’ తెలుసు.. ‘నాట్’ తెలియదు

ఫోనుకు వచ్చే ఓటీపీ సందేశంలో ‘డు నాట్ షేర్’ అని ఉంటుంది. వాట్సాప్ వాడే ప్రతి ఒక్కరికీ ‘షేర్’ అంటే పంపడమని తెలుసు. మూడు మాటల్లో తెలిసింది అదొక్కటే అయితే, ఆ సందేశం చదివినవారికి ‘పంపు’ అన్నట్లే వినిపిస్తుంది. తెలుగులో వద్దన్న మాట క్రియకు చివర వస్తుంది: చెప్పవద్దు, పంపకూడదు. వాక్యం కొసనే పట్టుకొని అర్థం తీసే అలవాటు మనది. ఆంగ్లంలో నిషేధం క్రియకు ముందే వచ్చి కూర్చుంటుంది. కొసన ఉన్నది ‘షేర్’. బ్యాంకు నుంచే మాట్లాడుతున్నామని ఫోను చేసేవాడికి ఈ ఒక్క లోపం చాలు.

‘క్రెడిటెడ్’, ‘డెబిటెడ్’ సంగతీ ఇంతే. రెండూ ‘టెడ్’తోనే ముగుస్తాయి, రెండింటి పక్కనా అంకెలే ఉంటాయి. మొదటిది ఖాతాలో పడిన సొమ్ము, రెండోది ఖాతా నుంచి పోయిన సొమ్ము. ఈ తేడా తెలియక సొమ్ము పడిందని సంబరపడిన వ్యక్తి ఈ తరగతిలోనూ ఉన్నారు. వ్యాకరణం ఒక్క ముక్క చెప్పకుండా ఈ రెండు మాటలకే మాస్టారు ఒక సాయంత్రమంతా కేటాయించారు.

‘షుగరు’ మరో ఉదాహరణ. మన వద్ద అది జబ్బు పేరు. బయటి దేశపు డాక్టరు ముందు ‘ఐ హావ్ షుగర్’ అంటే ఇంట్లో చక్కెర ఉందనుకొనే ప్రమాదం ఉంది. ఆ జబ్బుకు ఆంగ్లంలో పేరు ‘డయాబెటిస్’. మన ‘కరెంటు’ను చాలాచోట్ల ‘పవర్’ అంటారు. ఇవి నవ్వుకొనే సంగతులు. తర్వాతది అంతగా నవ్వు తెప్పించదు.

మొదటి పేరు ఏది?

దరఖాస్తుల్లో ‘ఫస్ట్ నేమ్’ అనే గడి ఉంటుంది. ‘ఫస్ట్’ అంటే మొదటిదని అందరికీ తెలుసు. తెలుగువారి పేరులో మొదట వచ్చేది ఇంటిపేరు. కాబట్టి ఆ గడిలో ఇంటిపేరు రాస్తారు. పాశ్చాత్యుల పద్ధతిలో వంశనామం చివర వస్తుంది గనుక ఆ గడి అడుగుతున్నది మనల్ని పిలిచే పేరు. మాట తెలియకపోతే పక్కవారిని అడిగేవారు. తెలుసు కాబట్టే తప్పు జరుగుతోంది. పాస్‌పోర్టు దరఖాస్తులో ‘సర్‌నేమ్’, ‘గివెన్ నేమ్’ అని వేరుగా అడుగుతారు. ‘సర్‌నేమ్’ను ‘సార్ నేమ్’గా విని పంతులు పేరు రాయాలా అని అడిగినవారూ ఉన్నారు. డిగ్రీ చదివిన ఈ విలేకరి సైతం ఒక కార్యాలయంలో ఇచ్చిన దరఖాస్తులో రెండు గడులనూ తారుమారు చేసి, దిద్దించుకోవడానికి మూడుసార్లు తిరిగారు.

పేరులోని అక్షరాలూ అంతే ముఖ్యం. తెలుగులో ‘లక్ష్మి’ ఒక్క తీరునే రాస్తాం. ఆంగ్లంలో నడుమ ‘కే ఎస్ హెచ్’ పెట్టి రాసేవారున్నారు, ‘ఎక్స్’ పెట్టి రాసేవారున్నారు. ‘అమ్మ’తో ముగిసే పేర్లలో ‘ఎం’ ఒకటా రెండా అన్నది రాసే గుమాస్తా ఇష్టం. ఆధార్‌లో ఒక విధంగా, బ్యాంకు ఖాతాలో మరో విధంగా పడితే పథకాల సొమ్ము దగ్గర నుంచి పిల్లల ధ్రువపత్రాల దాకా అన్నిటికీ పేచీయే. అందుకే ఈ తరగతిలో ఎవరి తొలి పాఠం వారి పేరే. ఆధార్ కార్డు ఎదురుగా పెట్టుకొని, అందులోని అక్షరాలను అదే వరుసలో పలికి, రాసి, వేరొకరు రాస్తుంటే తప్పు పట్టగలగాలి. సంతకం నేర్పడం కాదిది. ‘ఎల్ ఏ కే ఎస్ హెచ్..’ అని కౌంటరు ముందు నిలబడి చెప్పగలగడం.

అక్షరం పేరొకటి.. పలుకు మరొకటి

‘ఏబీసీడీ’లు గడగడా అప్పజెప్పేవారు బస్సు బోర్డు చదవలేకపోవడం మనం చూస్తుంటాం. కారణం బుద్ధిమాంద్యం కాదు. తెలుగులో అక్షరం పేరూ పలుకూ ఒక్కటే. ‘మ’ అని పిలుస్తాం, ‘మ’ అనే చదువుతాం. ఆంగ్లంలో ‘ఎం’ అని పిలిచే అక్షరం ‘మ్’ అని పలుకుతుంది. ‘హెచ్’ అని పిలిచేది ‘హ్’ అవుతుంది. ‘డబ్ల్యూ’ పేరులో దాని సొంత శబ్దమే వినిపించదు. పేర్లు బట్టీపట్టినంత మాత్రాన చదువు రాదు. 26 అక్షరాలు 44 దాకా ధ్వనులను మోయాలి. ‘పుట్’లోనూ ‘బట్’లోనూ నడుమ ఉన్నది ఒకే అక్షరం. ఇది చాలదన్నట్లు పెద్దబడి, చిన్నబడి, అచ్చు, గొలుసుకట్టు అంటూ ఒక్కొక్క అక్షరానికి నాలుగు రూపాలు.

ఉచ్చారణలో మాత్రం అనుకొన్నంత కష్టం లేదు. తెలుగు మాట అచ్చుతో ముగియాలని కోరుకుంటుంది కాబట్టి ‘బస్’ను బస్సు, ‘బుక్’ను బుక్కు చేసుకొన్నాం. మొదట ‘స’ ఒత్తు వస్తే పల్లెనాలుక ముందు ‘ఇ’ చేర్చి ‘ఇస్కూలు’ అంటుంది. కొసన ఉకారాన్ని మింగడం, ముందు ఇకారాన్ని వదలడం సాధనతో వస్తుంది. ‘బ్యాంక్’లోని అచ్చు తెలుగు వర్ణమాలలో లేదు గానీ మన నోట్లో ఉంది. ‘పేట’ అని రాసి ‘ప్యాట’ అనీ, ‘మేక’ అని రాసి ‘మ్యాక’ అనీ పలుకుతాం కదా, ఆ శబ్దమే. ఈ మాట చెప్పినప్పుడు వెనుక బెంచీలోని మేకల కాపరి ముఖంలో వెలుగు చూడాల్సిందే.

వాక్యం తిరగేయాలి

‘ఆమె టీచరు’ తెలుగులో పూర్తి వాక్యం. క్రియ అక్కరలేదు. అదే అలవాటుతో ‘షీ టీచర్’ అంటారు. నడుమ ‘ఈజ్ ఏ’ ఎందుకో ఎంత చెప్పినా మనసుకు ఎక్కదు. ‘నాకు ఆకలిగా ఉంది’లో ఆకలి మనకు వస్తుంది. ఆంగ్లంలో మనిషే ఆకలిగొన్నవాడై ‘ఐ యామ్ హంగ్రీ’ అంటాడు. ‘బల్ల మీద’ అన్నది తలకిందులై ‘ఆన్ ద టేబుల్’ అవుతుంది. ‘వస్తాను’ అన్న ఒక్క మాటతో రోజూ రావడాన్నీ రేపు రావడాన్నీ చెప్పుకొనే మనకు అక్కడ రెండు వాక్యాలు కావాలి. ‘ఆమె వచ్చింది’, ‘బస్సు వచ్చింది’ అని స్త్రీకీ వస్తువుకూ ఒకే క్రియ వాడతాం గనుక ‘హీ, షీ, ఇట్’ మూడూ నెలల తరబడి కలగాపులగం అవుతాయి.

వీటన్నింటికన్నా గట్టి ముడి ‘యూ’ దగ్గర పడింది. కలెక్టరుకైనా కూలీకైనా ఆంగ్లంలో ‘యూ’ ఒక్కటే. ఐదు పదుల వయసున్న దర్జీ ఒకరు మాస్టారిని ‘యూ’ అనడానికి నోరు రాక వారం పాటు ‘సార్ కమింగ్ టుమారో?’ అంటూ నెట్టుకొచ్చారు. మాస్టారు తప్పు పట్టలేదు. అక్కడ మర్యాద సర్వనామంలో ఉండదని, ‘ప్లీజ్’లో, ‘కుడ్ యూ’ వంటి చేర్పుల్లో, గొంతులో ఉంటుందని చెప్పి వదిలేశారు. ఎనిమిదో రోజున దర్జీ ‘కుడ్ యూ కమ్ టుమారో సార్?’ అన్నారు. చివరి ‘సార్’ను మాత్రం ఎవరూ తీసేయించలేరు, తీసేయించాల్సిన పనీ లేదు.

నలభై దాటాక..

పెద్దవారికి భాష రాదన్నది సగమే నిజం. ఉచ్చారణలో పిల్లలు అంతిమంగా ముందుంటారు. మాటలు, నియమాలు పట్టుకోవడంలో మొదటి నెలల్లో పెద్దలే వేగంగా నడుస్తారు. అవసరమేమిటో వారికి స్పష్టంగా తెలుసు. వెనక్కు లాగేవి వేరే ఉన్నాయి. నలభై దాటిన కళ్లకు దగ్గరి అచ్చు మసకబారుతుంది. తనకు చదువు అంటడం లేదని రెండు వారాలు కుమిలిపోయిన ఒకామెకు కావాల్సింది చత్వారపు కళ్లజోడని తేలింది. కోతల కాలంలో తరగతి పలచబడుతుంది. మళ్లీ వచ్చినవారిని మొదటి పాఠానికి పంపితే సిగ్గుతో మానేస్తారు. అందుకే ఇక్కడ ఏ రోజు పాఠం ఆ రోజుకే ముగుస్తుంది.

వయోజనుడిగా పరభాష నేర్చినవారిలో కడప జిల్లాకు బాగా తెలిసిన పేరు సి.పి.బ్రౌన్. 1798లో కలకత్తాలో పుట్టిన ఆయన 1817లో మద్రాసు చేరాకే తెలుగు మొదలుపెట్టారు. 1820లో ఉద్యోగరీత్యా కడపకు వచ్చారు. వాక్యం తిరగేసుకొనే తిప్పలు ఆయనకూ తప్పలేదు, దిశ మాత్రమే వేరు. ఆయన తెలుగు-ఆంగ్ల నిఘంటువు 1852లో వెలువడింది. కడపలో ఆయన నివాస స్థలంలోనే నేడు ఆయన పేరిట గ్రంథాలయం ఉంది. అయితే బ్రౌన్‌కు పండితులు జీతానికి దొరికారు. ఇక్కడివారికి దొరికింది గంటన్నర సమయం, ఒక నల్లబోర్డు.

వయోజన తరగతి ఏం చేయగలదో చెప్పడానికి పొరుగునున్న నెల్లూరు జిల్లానే చూడవచ్చు. 1990 దశకం ఆరంభంలో అక్కడి అక్షరాస్యతా తరగతుల్లో సారా వల్ల చితికిన కుటుంబం గురించి పాఠం ఉండేది. దాన్ని చదివి చర్చించుకొన్న దూబగుంట మహిళలు 1992లో సారా దుకాణంపై తిరగబడ్డారు. 1993 అక్టోబరులో రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. పాఠంలో ఉన్నది వారి సొంత ఇల్లే కావడంతో అక్షరాలకు అంత బలం వచ్చింది.

కువైట్‌కు.. బడికి

తరగతిలో 32 ఏళ్ల మహిళ ఒకరు కువైట్ వెళ్లే ప్రయత్నంలో ఉన్నారు. రాజంపేట, రాయచోటి ప్రాంతాల నుంచి అక్కడికి ఇంటిపనికి వెళ్లడం దశాబ్దాలుగా ఉన్నదే. పదో తరగతి ఉత్తీర్ణత లేనివారి పాస్‌పోర్టు సాధారణంగా ఈసీఆర్ కోవకు వస్తుంది. ఆ పాస్‌పోర్టుతో గల్ఫ్‌లో ఇంటిపనికి వెళ్లే మహిళకు 30 ఏళ్లు నిండాలి. అంటే బడి మానేసి రెండు దశాబ్దాలు గడిచాకే వారికి ఆంగ్లం అవసరం పడుతుంది. అక్కడి ఇళ్లలో మాట్లాడటానికి అరబ్బీయే ఎక్కువ ఉపయోగం, ఈ విషయం మాస్టారు దాచలేదు. ఆంగ్లం కాగితం కోసం. ఒప్పందంలో ‘సాలరీ’ పక్కన ఉన్న అంకె ఎంత, ‘మంత్’ అని ఉందా, సెలవు ఎన్నాళ్లు, ఎంబసీ ఫోను నంబరు ఏది అన్నవి వేలు పెట్టి చూపగలిగితే చాలునన్నది ఆమె లక్ష్యం.

మిగిలిన మహిళల్లో చాలామందిది బిడ్డల బడి బాధ. 1 నుంచి 6వ తరగతి వరకు ఆంగ్ల మాధ్యమాన్ని ప్రవేశపెడుతూ 2019 నవంబరులో ఉత్తర్వులు రావడం, 2020 ఏప్రిల్‌లో హైకోర్టు వాటిని కొట్టివేయడం తెలిసిందే. వాదం ఎటు తిరిగినా ఇంటికి వచ్చే నోటుపుస్తకం ఆంగ్లంలోనే ఉంటోంది. 2020-21 నుంచి ప్రభుత్వ బడుల్లో ఒక పేజీలో ఆంగ్లం, ఎదుటి పేజీలో తెలుగు ఉన్న ద్విభాషా పాఠ్యపుస్తకాలు ఇచ్చారు. పిల్లల కోసం అచ్చువేసిన ఆ పుస్తకాలకు మించిన వాచకం పెద్దలకు దొరకదు. తెలుగు పేజీ చదివి అర్థం ముందే తెలుసుకొని, ఎదుటి పేజీలో దాన్ని వెతుక్కోవచ్చు. తరగతిలో ఆరేడుగురు తమ పిల్లల పాత పుస్తకాలనే తెచ్చుకొంటున్నారు.

మొదటి రోజున ‘ఒక్క ముక్క కూడా రాదు’ అన్న మహిళ మొన్న కూతురి డైరీ తెచ్చారు. అందులో టీచరు రాసిన వరుసను వేలితో పట్టుకొని ‘ప్లీజ్.. సెండ్.. కలర్.. పెన్సిల్స్..’ అని చదివారు. చివరి మాట దగ్గర ఆగి, పెదవులు కదుపుతూ మూడుసార్లు కూడబలుక్కొన్నారు. ‘టుమారో! అంటే రేపే కదా సార్?’ అని లేచారు. అంగడి మూసేలోగా పోవాలంటూ తరగతి మధ్యలోనే బయల్దేరారు.

సోమవారం నాటి తరగతికి అందరినీ ఇంట్లోని కరెంటు బిల్లు తెమ్మన్నారు. ‘డ్యూ డేట్’ ఆనాటి పాఠం.