తెరచాప పడవలో ఏ.సి.

"తెరచాప పడవకి ఏ.సి. ఎందుకోయ్, గాలి ఉందిగా!" అని మా పాత లెక్చరరుగారు నవ్వారు. ఫ్లోరిడా రేవులో, ఆగస్టు మధ్యాహ్నం, కట్టేసిన పడవలో పడుకుంటే తెలుస్తుంది మాస్టారూ!

ఇంట్లో ఏ.సి. వేడిని బయటి గాలికి వదులుతుంది. పడవలోది సముద్రపు నీటికి. అడుగున రంధ్రం, దానికో వాల్వు, జల్లెడ, పంపు, రాగి-నికెలు గొట్టాల కండెన్సరు, మళ్లీ సముద్రం: ఇదీ నీటి దారి. టన్నుకి నిమిషానికి సుమారు 11 లీటర్లు పారాలి. ఈ పంపు తనంతట తాను నీళ్లు పీల్చుకోలేదు, కనుక నీటిమట్టానికి దిగువనే బిగించాలి. అక్కణ్ణించి గొట్టం పైకెక్కుతూనే పోవాలి. మధ్యలో వంపు తిరిగిందా, గాలి చిక్కుతుంది.

నేను చేసిన తప్పదే. పది నిమిషాలు చల్లగా వచ్చి, పీడనం పెరిగి మిషను ఆగిపోయేది. గ్యాసు తక్కువైందనుకున్నాను. (తక్కువైతే పీడనం పెరుగుతుందా? థర్మోడైనమిక్సు పాసైనవాణ్ణే మరి!) తీరా చూస్తే బయటికి పడే ధార దారంలా ఉంది. పంపు పైగొట్టం వదులుచేస్తే గాలి బుస్సుమంది. గొట్టం మార్చి వేశాక మళ్లీ ఆగలేదు.

ఇంకోసారి జల్లెడలో నాచు తీస్తూ వాల్వు కట్టడం మరిచాను. సముద్రం లోపలికొచ్చేసింది! అరచేత్తో అదిమిపట్టి, రెండోచేత్తో వాల్వు తిప్పేసరికి చీలమండ దాకా నీళ్లు. ఇప్పుడా వాల్వు పిడికి ఎర్రరంగు వేసి ఉంచాను.