గ్రామీణ కోచ్‌కు తొలి మెట్టు ఎక్కడ?

బాహూరు (పుదుచ్చేరి): దేశంలో క్రీడా మైదానాలకు, స్టేడియాలకు ప్రభుత్వాలు కోట్లాది రూపాయలు వెచ్చిస్తున్నప్పటికీ, గ్రామాల్లో పిల్లలకు ఆట నేర్పే శిక్షకుని చదువుకు మాత్రం నేటికీ క్రమబద్ధమైన మార్గం ఏర్పడలేదు. పుదుచ్చేరికి దక్షిణాన వరిపొలాల నడుమ ఉన్న బాహూరు వంటి కొమ్యూన్ పంచాయతీ నుంచి చూసినపుడు ఈ లోటు మరింత స్పష్టమవుతుంది.

పగలు పొలంలోనో, దుకాణంలోనో, పాఠశాలలోనో పనిచేసి, సాయంత్రం వేళ కబడ్డీ, వాలీబాల్, ఫుట్‌బాల్ ఆడించే యువకుడే సాధారణంగా పల్లెకు కోచ్. అతనికి జీతం లేదు, పట్టా లేదు. ఆట తెలిసినంత మాత్రాన ఆట నేర్పడం తెలిసినట్లు కాదు. పదేళ్ల బాలునితో పెద్దవారి కసరత్తు చేయిస్తే కీళ్లకు కలిగే హాని, ఎండలో ఆడే పిల్లలకు నీరు అందించవలసిన వేళ, దెబ్బ తగిలినపుడు చేయవలసిన ప్రథమ చికిత్స, ఆడపిల్లలతో మెలగవలసిన తీరు, బాలల రక్షణకు 2012లో వచ్చిన పోక్సో చట్టం విధించిన బాధ్యతలు... ఇవన్నీ ఒకరు చెబితే నేర్చుకోవలసినవే. చెప్పేవారు లేనిచోట ఆ లోటు ఫలితాన్ని పిల్లలే అనుభవించవలసి వస్తుంది.

పాటియాలా దూరం

శిక్షకులను తయారుచేసే ప్రధాన సంస్థ అయిన నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ స్పోర్ట్స్ 1961లో పంజాబ్‌లోని పాటియాలాలో నెలకొల్పబడింది. 1984లో ఏర్పడిన భారత క్రీడా ప్రాధికార సంస్థలో ఇది 1987లో విలీనమైంది. ఏడాదిపాటు సాగే ఇక్కడి డిప్లొమాకు ఉద్యోగ విపణిలో విలువ ఉన్నది. అయితే ప్రవేశానికి సాధారణంగా డిగ్రీతోపాటు పోటీల్లో ఆడిన రికార్డు కూడా అవసరం. దానికన్నా చిన్నదైన సర్టిఫికెట్ కోర్సు ఆరు వారాలు జరుగుతుంది.

రోజుకూలీపై జీవించే వ్యక్తికి ఆరు వారాలంటే 42 రోజుల సంపాదన పోవడమే. బాహూరు నుంచి పాటియాలా రెండువేల కిలోమీటర్లకు పైబడిన దూరం. బెంగళూరు కేంద్రం కొంత దగ్గరే అయినా బస, భోజనం, పని మానుకున్న నష్టం తప్పవు. ఉద్యోగంగా కోచింగ్ చేపట్టదలచినవారికి ఈ ఖర్చు పెట్టుబడి వంటిది. స్వచ్ఛందంగా ఆడించేవారికి మాత్రం తిరిగిరాని వ్యయం.

పన్నెండులో ఒకటి

ఈ లోపాన్ని కేంద్రం గుర్తించకపోలేదు. 2017 సెప్టెంబరులో మంత్రివర్గం ఆమోదించిన సవరించిన ఖేలో ఇండియా పథకానికి మూడేళ్లకుగాను 1,756 కోట్ల రూపాయలు కేటాయించారు. అందులోని 12 అంశాలలో సామాజిక శిక్షకుల అభివృద్ధి ఒకటి. వ్యాయామోపాధ్యాయులకు ముందుగా తర్ఫీదునిచ్చి, వారి ద్వారా ఇతరులకు నేర్పించాలన్నది దాని ఉద్దేశం. కాగా 2021-22 నుంచి పథకాన్ని పునర్వ్యవస్థీకరించి 12 అంశాలను అయిదుగా కుదించారు. ఆ అయిదింటిలో సామాజిక శిక్షకుల అభివృద్ధి ప్రత్యేక శీర్షికగా కనిపించకపోవడం గమనార్హం.

జిల్లాల్లో నెలకొల్పుతున్న ఖేలో ఇండియా చిన్న కేంద్రాల బాధ్యతను పూర్వపు విజేతలైన క్రీడాకారులకు అప్పగిస్తున్నారు. మాజీ క్రీడాకారులకు జీవనోపాధి కల్పించే ఈ ఏర్పాటు మెచ్చదగినదే. అయితే పతకం గెలవని స్వచ్ఛంద శిక్షకునికి ఇందులో చోటు దొరకడం కష్టం.

రహీం పాఠం

గొప్ప శిక్షకుడు గొప్ప ఆటగాడే కానక్కరలేదనడానికి హైదరాబాదుకు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీం జీవితమే నిదర్శనం. ఉపాధ్యాయ వృత్తి నుంచి వచ్చిన ఆయన 1950 నుంచి 1963లో మరణించేవరకు భారత ఫుట్‌బాల్ జట్టును తీర్చిదిద్దారు. 1951 ఢిల్లీ, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణాలు, 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం ఆయన శిక్షణలో లభించినవే. ఆయనకు పేరు తెచ్చినది ఆటకన్నా బోధనే.

ఫుట్‌బాల్‌లో నేడు డి లైసెన్సుతో మొదలై సి, బి, ఎ, ప్రో వరకు మెట్లున్నాయి. కెనడా 1974లోనే అనేక క్రీడలకు వర్తించే జాతీయ శిక్షక ధ్రువీకరణ కార్యక్రమాన్ని ప్రారంభించింది. కొద్ది రోజుల్లో ముగిసే తొలి మెట్టు, దానిపై అనుభవం గడించాక ఎక్కగల మరో మెట్టు ఉండటమే ఈ పద్ధతుల్లోని కీలకం.

స్వచ్ఛంద శిక్షకుల నమూనా పుదుచ్చేరి పట్టణంలోనే ఉన్నది. శ్రీ అరవింద ఆశ్రమంలో 1945లో ఆరంభమైన వ్యాయామ విద్యా విభాగంలో బృందాలకు శిక్షణనిచ్చేవారిని కెప్టెన్లంటారు. వారు జీతం లేకుండా సేవచేసేవారే. ఇటువంటి కృషికి ఆవరణ వెలుపల కూడా చెల్లుబాటయ్యే గుర్తింపు తోడైతే, ఇతర గ్రామాలకూ అది ఉపకరిస్తుంది.

మూడు గ్రామాల దానం

బాహూరుకు ఈ విషయంలో ఒక చారిత్రక స్ఫురణ ఉన్నది. తొమ్మిదవ శతాబ్దపు పల్లవరాజు నృపతుంగవర్మ కాలంనాటి బాహూరు రాగిశాసనం, ఇక్కడి విద్యాస్థానం పోషణకు మూడు గ్రామాలను దానమిచ్చినట్లు తెలుపుతున్నది. బోధకులను పోషించడం సమాజ బాధ్యతగా భావించిన కాలమది.

నేడు గ్రామాలను దానమివ్వనవసరం లేదు. పుదుచ్చేరి విశ్వవిద్యాలయంలో వ్యాయామ విద్యా విభాగం ఉన్నది. పాఠశాలల్లో వ్యాయామోపాధ్యాయులు ఉన్నారు. వారి సహకారంతో కొమ్యూన్ స్థాయిలో వారాంతపు తరగతులు నడపవచ్చు. బాహూరులో తమిళంలోను, పుదుచ్చేరికి 800 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న యానాంలో తెలుగులోను బోధిస్తే డిగ్రీ లేనివారు సైతం అందుకోగలరు. ఆ సర్టిఫికెట్‌ను ఆరు వారాల కోర్సుకు అర్హతగా పరిగణిస్తే నిచ్చెన పూర్తవుతుంది.

2025 జూలైలో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన ఖేలో భారత్ నీతి శిక్షకుల సామర్థ్య పెంపును కూడా లక్ష్యాలలో చేర్చింది. 2001 నాటి జాతీయ క్రీడా విధానం స్థానంలో వచ్చిన ఈ పత్రం స్టేడియాల శిక్షకులతో ఆగుతుందా, సాయంత్రం పూట పల్లె పిల్లలను ఆడించే యువకుని వరకు చేరుతుందా అన్నది రాష్ట్రాలు, కేంద్రపాలిత ప్రాంతాలు చేసే కేటాయింపులపై ఆధారపడి ఉంటుంది.