ఇన్సులిన్ గొంతు పెంచితే

స్కానింగ్ రిపోర్టులో పీసీఓఎస్ (పాలిసిస్టిక్ ఓవరీ సిండ్రోమ్) అని రాగానే ఇంటిల్లిపాదీ బెంగ పెట్టుకుంటారు, ‘పిల్లకి అండాశయంలో నీటి బుడగలట’ అని. ఇలా వచ్చి కూర్చోండి తల్లీ, ఆ బుడగల సంగతి చెప్తాను. నువ్వూ ఉండరా అబ్బాయ్, మగపిల్లలూ తెలుసుకోవాల్సిందే ఇది. అవి గడ్డలు కావు. అండం పెరిగే బుల్లి బుల్లి సంచులు. నెలనెలా కొన్ని సంచులు ఎదగడం మొదలుపెడితే, మామూలుగా వాటిలో ఒకటి ముందుకొచ్చి, పక్వమై, అండాన్ని వదులుతుంది. ఇక్కడేమో చాలా నెలలు ఏదీ పక్వం కాదు. అన్నీ సగంలోనే ఆగి, కొద్ది మిల్లీమీటర్ల సైజులో అక్కడే పోగవుతాయి. అండమే విడుదల కాకపోతే నెలసరి వేళకి ఎలా వస్తుంది?

1935లో షికాగోలో స్టెయిన్, లెవెంథాల్ అనే ఇద్దరు డాక్టర్లు ఏడుగురు ఆడవాళ్లలో ఈ లక్షణాలు చూసి రాశారు. అప్పట్లో అందరి చూపూ అండాశయం మీదే. తీరా 1980లో తెలిసిందేమిటంటే, ఈ ఇబ్బంది ఉన్నవాళ్ల రక్తంలో ఇన్సులిన్ ఎంత ఎక్కువుంటే మగ హార్మోన్లూ అంత ఎక్కువున్నాయి. ఎక్కడి ఇన్సులిన్, ఎక్కడి నెలసరి! నాకు భలే ఇష్టమైన ముడి ఇది.

ఒకింట్లో తాతగారికి చెవుడు అనుకోండి. ‘భోజనానికి రండి’ అని బామ్మ మామూలుగా పిలిస్తే వినపడదు, గట్టిగా అరుస్తుంది. ఆయన లేచి వస్తారు, సరే. కానీ పక్కింటివాళ్ల చెవులు బాగానే ఉన్నాయిగా, వాళ్లు ఉలిక్కిపడతారు! ఒంట్లోనూ ఇంతే. చక్కెర తీసుకోమని ఇన్సులిన్ చెప్పే మాట కొందరిలో కండరాలకి సరిగ్గా వినపడదు. క్లోమం ఇంకా ఇంకా ఇన్సులిన్ పోస్తుంది. షుగర్ పరీక్షలో అంతా మామూలుగానే కనిపించవచ్చు. అండాశయం మాత్రం ఆ కేక విని మగ హార్మోన్లు ఎక్కువగా తయారుచేస్తుంది. ఆడవాళ్లందరిలోనూ అవి కాస్త ఉంటాయి, ఉండాలి కూడా. మోతాదు మించితేనే సంచులు ఎదగక ఆగిపోవడం, గడ్డం మీద వెంట్రుకలు, మొటిమలు. అదే కేకకి, ఆ హార్మోన్లని పట్టి ఉంచే ప్రొటీనుని కాలేయం కూడా తగ్గించేస్తుంది. మెదడు కింది పిట్యూటరీ గ్రంథి వంతు కూడా ఉంది, అది పంపే సంకేతాలు మరీ వడిగా వచ్చి అండాశయాన్ని అటే తోస్తాయి.

కొందరు పిల్లలకి మెడ వెనక నల్లబడుతుంది. మురికి అనుకుని అమ్మలు శనగపిండితో తోమి తోమి పెడతారు. వద్దమ్మా, అది చాలాసార్లు ఇన్సులిన్ ఎక్కువైందన్న గుర్తు, రుద్దితే పోదు.

‘తిండి వల్లే, బద్ధకం వల్లే’ అని పిల్లని దెప్పేవాళ్లంటే నాకు కోపం. బరువు దీన్ని ముదరబెడుతుంది, నిజమే. కానీ సన్నగా ఉన్నవాళ్లకీ వస్తుంది. మన దేశపువాళ్లలో తక్కువ బరువుకే ఇన్సులిన్ మాట చెల్లకపోవడం మామూలు. వంశం నుంచి వచ్చే జన్యువులూ ఉన్నాయి, అవి నాన్న వైపు నుంచీ రావచ్చు. ఈ ఇబ్బంది ఉన్న అందరిలోనూ ఇన్సులిన్ గోల ఉండదు కూడా. పిల్లల్ని కనే వయసులో ఉన్న ఆడవాళ్లలో నూటికి 10 నుంచి 13 మందికి ఇది ఉంటుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. నెలల తరబడి నెలసరి రాకపోతే దాచుకోకుండా డాక్టరుకి చూపించుకోవాలి.

ఇంకో చక్కని సంగతి. పనిలో ఉన్న కండరం ఇన్సులిన్ పిలుపు కోసం ఆగదు, తనంతట తానే చక్కెరని లోపలికి తీసుకుంటుంది. రోజూ నడిచేవాళ్ల కండరాలకి ఇన్సులిన్ మాట వినే శక్తీ పెరుగుతుంది. అందుకే కాటా మీద ముల్లు కదలకపోయినా ఆ నడక పనిచేస్తూనే ఉంటుంది.