ఉద్దానం బాటలో ఒక క్యాను నీరు

ఫజ్ర్ నమాజు ముగించుకొని మేము నలుగురం టెక్కలి నుండి పలాస వైపు సైకిళ్లపై బయలుదేరాము. ఎడమవైపున, ఒడిశా సరిహద్దుకు ఆవల, 1,501 మీటర్ల మహేంద్రగిరి చాలాదూరం కనిపిస్తూనే ఉంది. జీడిపప్పు బట్టీల పలాస దాటి ఉద్దానం తోటలలోకి మళ్లాము. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను కూల్చిన కొబ్బరిచెట్ల చోట కొత్త మొక్కలు ఎదుగుతున్నాయి.

దాహంతో బోరు వద్ద ఆగిన మా చిన్నవాడిని ఒక వృద్ధ రైతు వారించారు. "ఆ నీరు తాగవద్దు బాబూ" అంటూ తాము కొనుక్కున్న క్యాను నీరు పోశారు. ఆయన భార్యకు డయాలసిస్ జరుగుతోందట. ఇక్కడి మూత్రపిండాల వ్యాధికి మూలకారణం నేటికీ పూర్తిగా తేలలేదు. డబ్బు ఇవ్వబోతే ఆయన పుచ్చుకోలేదు.

జుహ్ర్ వేళ బోరునీటితో వుజూ చేసుకుంటూ మావాడు కుళాయిని తానే తగ్గించాడు. మేము చెప్పవలసినది ఇక మిగలలేదు.