అందఱి సొత్తును కాపాడునదెవరు?



"పదిమందిలో పాము చావదు" అని మనవారు చెప్పుదురు. అందఱి పని యెవరి పనియు గాకుండ పోవునని దీని భావము. చెఱువు పూడిక తీయుటలోను, సంఘపు గిడ్డంగిని కాపాడుటలోను దీని నిజము మనకు తెలిసినదే. అయినను ఈ సామెతకు లొంగని యొక పెద్ద ఉమ్మడి పనిని గూర్చి నేడు విన్నవింతును. అది వికీపీడియా.

ఇది ఇంటర్నెట్టులో నుండు విజ్ఞాన సర్వస్వము. 2001 జనవరి 15వ తేదీన ఇంగ్లీషులో మొదలయ్యెను. తెలుగులో 2003 డిసెంబరున వెన్న నాగార్జునగారు దీనికి నాంది పలికిరి. వ్రాయువారికి జీతము లేదు. చదువువారికి రుసుము లేదు. వేర్వేఱు ఊళ్లలో, వేర్వేఱు దేశములలో నున్నవారు, పలువురు ఒకరి మొగ మొకరు చూడకయే, పంటలను గూర్చియు, గ్రామములను గూర్చియు వ్రాయుచున్నారు.

మఱి ఈ సొత్తుకు యజమాని యెవరు? ఈ ప్రశ్న 2002వ సంవత్సరమున నిజముగనే పుట్టినది. ఖర్చులకై వ్యాపార ప్రకటనలు వేయవచ్చునను మాట వచ్చెను. స్పానిషు భాషలో వ్రాయువారిలో పలువురు దీనికి సమ్మతింపక, ఫిబ్రవరి నెలలో విడిపోయిరి. అంతవఱకు వ్రాసినదాని ప్రతిని వెంటగొని, సెవిల్లా విశ్వవిద్యాలయపు ఆశ్రయమున వేఱొక విజ్ఞాన సర్వస్వమును నెలకొల్పిరి. అట్లు కొనిపోవుటకు వారికి హక్కు కలదు. ఏలయన వికీపీడియాలోని వ్రాతను, వ్రాసినవారిని పేర్కొని, అవే షరతులతో నెవరైనను మఱల వాడుకొనవచ్చును. 2003లో లాభాపేక్ష లేని వికీమీడియా ఫౌండేషను ఏర్పడెను. నేటికిని అందు వ్యాపార ప్రకటనలు లేవు. ముఖ్యముగా విరాళములతో నడుచుచున్నది.

అయితే హక్కొకటియే చాలదు. మంచి అలవాట్లును వలయును. ప్రతి పేజీకిని "చరిత్ర" కలదు. ఎవరు, ఎప్పుడు, ఏమి మార్చిరో అందు చూడవచ్చును. అది మన మినిట్సు పుస్తకము వంటిదే కాని, దానిని చూచుటకు కార్యదర్శి ననుమతి యడుగ నక్కఱలేదు. తగవు వచ్చినచో "చర్చ" పేజీ యున్నది. అందఱికిని సంబంధించిన సంగతులు మాటాడుకొను చోటికి తెలుగువారు "రచ్చబండ" యనియే పేరిడిరి.

నా యనుభవ మొకటి చెప్పెదను. ఒక పంటను గూర్చిన పేజీలో విత్తన మోతాదును నా యెఱుకనుబట్టి వ్రాసితిని. మఱునాటికి అది లేదు. ఏండ్ల తరబడి పొలములలో తిరిగినవాని మాటను కొట్టివేయుటకు ఇతడెవరని కోపము వచ్చెను. చర్చ పేజీ తెఱవగా, అచ్చయిన యాధారము లేదనియు, చూపినచో మఱల చేర్చవచ్చుననియు మర్యాదగా వ్రాసియుండెను. ఆధారమును వెదకగా, నా లెక్క ఒక తీరు నేలకే చెల్లునని నాకే తెలిసెను. సరిదిద్ది వ్రాసితిని; అది నిలిచెను. ఆ మర్యాదయే లేకున్నచో నేను మఱల నా గడప త్రొక్కియుండను.

సోదరులారా, వాటా సొమ్ము చెల్లించినంతమాత్రమున సంఘము మనది కాదు. లెక్క చూడగలిగి, తప్పు దిద్దగలిగి, క్రొత్తవానికి కారణము చెప్పు నోర్పు గలిగినపుడే అది మనదగును. రాబోవు మహాసభలో సంతకముతో సరిపెట్టక, పుస్తకము తెఱపించి చదివించుడు. ప్రశ్న యడిగిన పిన్నవానిని కసరక, జవాబు చెప్పుడు.