అంచున ఉన్న పేరు

శౌర్య పతకాలు పొందినవారి చిత్రపటాలు గోడలకెక్కుతాయి. ఒక యుద్ధంలో నిర్ణీత రంగాన సేవ చేసినందుకు ప్రతి సిపాయికీ ఇచ్చిన సమర పతకాల గతి వేరు. అవి ట్రంకుపెట్టె అడుగున పడివుంటాయి. పెట్టె ఖాళీచేసే రోజున పాత సామానువానికో, కంసాలికో చేరుతాయి. పతక సేకరణపై మక్కువగల మేము వెదకేది ఈ రెండవ రకాన్నే.

మొదటి ప్రపంచయుద్ధం తరువాత ఇచ్చిన బ్రిటిష్ వార్ మెడల్‌ను చూడండి. వ్యాసం 36 మిల్లీమీటర్లు. మంచి వెండి కావడమే దాని పాలిట శాపమైంది. 1979-80లో ప్రపంచమంతటా వెండి ధర అమాంతం పెరిగినపుడు ఈ పతకాలు అసంఖ్యాకంగా మూసలో కరిగిపోయాయి. మన రాయపూర్ సదర్ బజారులోనైనా, విజయనగరంలోనైనా త్రాసుకు కడియమూ పతకమూ ఒకటే కదా! ఇందులో ఒక విచిత్రం ఉంది. లేబర్ కోర్లలో చాకిరీ చేసిన కూలీలకు ఇదే పతకాన్ని కంచుతో చేసి ఇచ్చారు. నాడు అది చిన్నచూపే. కాని కరిగిస్తే రూకలు రాలవు గనుక కంచు పతకం మూస పాలు కాలేదు. మొదటినుండి తక్కువగా ఇచ్చినవి కావడంతో నేడు సేకర్తలలో దానికే గిరాకీ ఎక్కువ.

పతకం విలువ దాని ముఖంపైనున్న రాజుగారి బొమ్మలో లేదు; అంచులో ఉంది. సైనికుని సంఖ్య, హోదా, పేరు, దళం అక్కడ కనిపిస్తాయి. రెండవ ప్రపంచయుద్ధ పతకాలను బ్రిటిష్ సైనికులకు పేరు వేయకుండానే ఇచ్చారు. భారతీయులకు ఇచ్చినవాటిపై మాత్రం పేర్లు వేశారు. బర్మా స్టార్ వంటి నక్షత్రాలపై పేరు వెనుకవైపున ఉంటుంది. ఇంగ్లీషు అక్షరాలలో మన పేర్లు పడిన పాట్లు వేరే కథ. పైగా ఇంటిపేరు తరచుగా ఉండదు. వట్టి 'అప్పలస్వామి' అంటే ఏ ఊరివాడని వెదకగలం? అందుచేత సంఖ్యే ప్రధానాధారం. దానికి తోడు దళం. 'ఐ.ఇ.' అని ఉంటే ఇండియన్ ఇంజనీర్స్. వంతెనలు కట్టి, బాటలు వేసినవారు. ఇంజనీర్లమైన మాకు వారిపై కొంత పక్షపాతం సహజం.

మా వృత్తిలోని వెర్నియర్ కాలిపర్‌కు ఇక్కడా పని ఉంది. ఒక సిపాయి పేరును ఆకురాయితో అరగదీసి, గిరాకీగల దళం పేరు వేసి అమ్మే మోసగాళ్ళున్నారు. అరగదీస్తే వ్యాసం తగ్గుతుంది. నాలుగైదు దిశలలో కొలిస్తే తేడా బయటపడుతుంది.

తెలుగువారికి సిపాయి ఉద్యోగం కొత్త కాదు. కుంపిణీ కాలంలో ఉత్తరాదిన సిపాయిని 'తిలంగా' అనేవారు; ఆ మాట మన తెలుగునేల పేరునుండి పుట్టిందే. 1817 నవంబరులో నాగపూర్ చెంత సీతాబల్డీ కొండలపై భోంస్లే సేనతో పోరాడినవారిలో మదరాసు సిపాయిలున్నారు. రాయపూర్ అప్పుడు భోంస్లే రాజ్యంలోనిదే. ఆ పోరుకు పతకం 1851లో గాని మంజూరు కాలేదు; 34 ఏళ్ళ తరువాత! అప్పటికి ఎందరు మిగిలివుంటారు?

1857-58 తిరుగుబాటుకు కూడా వెండి పతకం ఉంది, అది అణచినవారికి. 1858 జనవరి 22న రాయపూర్‌లో ఉరికంబమెక్కిన 17 మంది సిపాయిలకు ఏ పతకమూ లేదు. ఆ వెండి పతకాన్ని దాచుకొనేవారు ఈ సంగతిని కూడా ప్రక్కనే వ్రాసి ఉంచడం న్యాయమని మా అభిప్రాయం.

స్వతంత్ర భారతంలో 1965 యుద్ధానికి సమర సేవా స్టార్, రక్షా మెడల్, 1971 యుద్ధానికి పూర్వీ స్టార్, పశ్చిమీ స్టార్, సంగ్రామ్ మెడల్ వెలువడ్డాయి. సైన్యం విడిచి ప్రభుత్వరంగ సంస్థలలో చేరి, పదవీ విరమణ చేసిన పెద్దల ఇళ్ళలో ఇవి నేటికీ ఉన్నాయి. ఇవి బేరమాడవలసినవి కావు. వారి ప్రక్కన కూర్చొని, కథ అడిగి చూడవలసినవి.

వందేళ్ళు దాటిన పతకం 1972 నాటి పురావస్తు చట్టం పరిధిలోకి రాగలదు. అట్టి వస్తువును ప్రైవేటు వ్యక్తులు విదేశాలకు పంపరాదు. మీ తాతగారి పతకం దొరికితే చింతపండుతో తోమకండి. తోమినకొద్దీ అక్షరాలు అరుగుతాయి. రెండు మూడు పతకాలుంటే అన్నదమ్ములు తలొకటి పంచుకోకండి. విడిపోయినవాటిని మరల ఒకచోట చేర్చడం బహు కష్టం. అంచును భూతద్దంతో చదివి, సంఖ్యతో సహా కాగితంపై వ్రాయండి. అంచు చెప్పని ఇంటిపేరు, ఊరు ఇంట్లో పెద్దవారుండగానే అడిగి, దాని క్రింద చేర్చండి.