వడ – ఉక్క

వేసవి దినములలో రేడియోలో వాతావరణ వార్తలు చదువునపుడు రెండు అంకెలు వినవచ్చును. మొదటిది ఆనాటి గరిష్ఠ ఉష్ణోగ్రత. రెండవది గాలిలోని తేమ. మొదటి అంకె వెలువడగానే ఇంటిల్లిపాదియు చెవి యొగ్గుదురు. “నలుబదినాలుగట!” అని ఒకరితో నొకరు చెప్పుకొందురు. ఆ సందడిలో రెండవ అంకె ఎవరికిని వినబడక గాలిలో కలిసిపోవును. ఆ రెండవ అంకెపై శ్రోతల శ్రద్ధను కోరుటకే ఈ ప్రసంగము. ఏలనన, నేటి ఎండను మానవ శరీరము ఓర్చుకొనగలదా లేదా అను ప్రశ్నకు మొదటి అంకె సగము సమాధానము మాత్రమే. తక్కిన సగము రెండవదానిలో నున్నది.

మన భాష ఈ భేదమును ఏనాడో గుర్తించినది. పల్నాటి రెంటచింతలలోను, గోదావరి దరినున్న రామగుండములోను మే నెల మధ్యాహ్నమున వీచు గాలిని వడగాడ్పు అందుము. బందరులోను, విశాఖపట్టణములోను అదే వేళ మనలను పీడించు దానిని ఉక్కపోత అందుము. వడ కాల్చును, ఉక్క ఉడికించును. పొడి వేడిమికి మన దేశమున పరాకాష్ఠ థారు ఎడారి. 2016 మే 19వ తేదీన రాజస్థానములోని ఫలోది పట్టణమున 51 డిగ్రీల సెంటిగ్రేడు ఉష్ణోగ్రత నమోదైనది. అట్టి ఎండలకు అలవాటుపడినవాడు మన సముద్రతీరమునకు వచ్చి, 36 డిగ్రీలకే ఊపిరి యాడుట లేదనినచో మనము నవ్వరాదు. అది సౌకుమార్యము కాదు. అందు కొంత భౌతికశాస్త్రమున్నది.

మన శరీరము ఆరని పొయ్యి వంటిది. తిన్న ఆహారము లోపల మెల్లగా దహనమగుచు వేడి పుట్టించును. ఊరక కూర్చున్న మనిషి కూడ రమారమి నూరు వాట్ల విద్యుద్దీపమంత వేడిని నిరంతరము వెలువరించుచుండును. మూట మోయువాడును, గునపము పట్టినవాడును అంతకు అనేక రెట్లు వెలువరింతురు. ఈ వేడి ఎప్పటికప్పుడు బయటికి పోవలెను. లోపలి ఉష్ణోగ్రత 37 డిగ్రీల చేరువనే నిలువవలెను. వేసవిలో చర్మపు ఉష్ణోగ్రత సుమారు 35 డిగ్రీలు. చుట్టునున్న గాలి అంతకంటె చల్లగా నున్నంతవరకు వేడి దానంతట అదియే గాలిలోనికి పోవును. గాలి 35 డిగ్రీలను దాటినచో ఆ తలుపు మూతపడుటయే గాక, బయటి వేడి ఎదురు లోనికి వచ్చును. ఇక మిగిలిన ద్వారము చెమట ఒక్కటే.

ఒక గ్రాము చెమట ఆవిరియగునపుడు శరీరము నుండి సుమారు 580 కేలరీల వేడిని తీసికొనిపోవును. దాదాపు ఆరు గ్రాముల మంచుచల్లని నీటిని మరుగువరకు కాచుటకు అంత వేడి కావలెను. అయితే ఇచట ఒక మాటను గట్టిగా గుర్తుంచుకొనవలెను. చెమట పట్టుట వలన చల్లదనము రాదు; చెమట ఆరుట వలన వచ్చును.

ఆరుటకు గాలిలో చోటుండవలెను గదా! ఎడారిలో ఉష్ణోగ్రత 45 డిగ్రీలు, తేమ నూటికి పది పాళ్ళు అనుకొందము. అప్పుడు ఒక ఘనమీటరు గాలిలో ఉన్న నీటియావిరి సుమారు ఆరున్నర గ్రాములు. తీరమున 36 డిగ్రీలు, తేమ నూటికి డెబ్బది పాళ్ళు అనుకొందము. అచట ఘనమీటరు గాలిలో 29 గ్రాముల ఆవిరి యుండును. చెమటతో తడిసిన చర్మము నంటియున్న పలుచని గాలిపొరలో ఇది సుమారు 40 గ్రాములు. నీరు పల్లమునకు పారినట్లు, ఆవిరి హెచ్చుగానున్న చోటినుండి తక్కువగానున్న చోటికి పోవును. ఎడారిలో ఆ వాలు 33 గ్రాములు. తీరమున 11 గ్రాములు మాత్రమే. కనుక ఎడారిలో చెమట కంటికి కనబడకముందే ఆరిపోవును. తీరమున అది ధారలై కారి నేలపాలగును. కారిపోయిన చెమట శరీరమును చల్లబరుపదు. నీటిని, ఉప్పును మాత్రము హరించును.

ఈ శాస్త్రమును మన ఇంటి మూలనున్న మట్టికుండ నిత్యము ప్రదర్శించుచునే యున్నది. కుండ గోడలనుండి నీరు సన్నగా ఊరి, ఆవిరియగుచు, లోపలి నీటిని చల్లబరుచును. రెంటచింతల వడలో కుండనీరు జివ్వుమనును. బందరు ఉక్కలో అదే కుండలోని నీరు అంతగా చల్లబడదు. మన చర్మమును ఒక కుండయే. కుండ గతియే మన గతి.

వాతావరణ శాస్త్రజ్ఞులు ఇదే సూత్రముతో ఒక కొలతను ఏర్పరచుకొనిరి. ఉష్ణమాపకపు బుడ్డికి తడిగుడ్డ చుట్టి గాలి తగులనిత్తురు. గుడ్డ ఆరుచున్న కొలది అంకె దిగి ఒకచోట నిలుచును. దానిని తడిగుడ్డ అంకె అందము. మన ఎడారి ఉదాహరణములో ఆ అంకె 22 డిగ్రీలకు లోపుననే యుండును. తీరపు ఉదాహరణములో 31 డిగ్రీలుండును. పొడి అంకెలలో ఎడారి తొమ్మిది డిగ్రీలు పైన నున్నది. తడి అంకెలలో తీరమే తొమ్మిది డిగ్రీలు పైన నున్నది!

పొడి వేడిని మనిషి ఎంతవరకు సహింపగలడో 1774లో ఇంగ్లండులో చార్లెస్ బ్లాగ్డెన్ అను వైద్యుడు పరీక్షించెను. నీరు మరుగు ఉష్ణోగ్రతను మించి కాగిన పొడి గదిలో ఆయన కొలది నిమిషములు నిలిచి క్షేమముగా వెలుపలికి వచ్చెను. అదే గదిలో పెట్టిన మాంసము ఉడికిపోయెను. గదిలోని పాత్రలో నీరు మరుగలేదు; దానిపై నూనె వేసి ఆవిరి పోకుండ చేసిన పిదప మరిగెను. ఆవిరి పోవుచున్నంతసేపు రక్షణ కలదు. అది ఆగినచో రక్షణ లేదు. 1905లో జె. ఎస్. హాల్డేన్ అను శాస్త్రజ్ఞుడు, కదలని గాలిలో తడిగుడ్డ అంకె 31 డిగ్రీలను దాటినచో శరీరపు వేడి ఆగక పెరుగుచుండునని కనుగొనెను. 2010లో ప్రకటితమైన ఒక పరిశోధన ఏ మనిషియు ఎక్కువసేపు తాళలేని అవధిని 35 డిగ్రీలుగా లెక్కగట్టినది. కాని 2022లో అమెరికాలోని పెన్సిల్వేనియా స్టేట్ విశ్వవిద్యాలయమువారు ఆరోగ్యవంతులగు యువజనులను తేమ వేడిమిలో పరీక్షింపగా, 31 డిగ్రీల దగ్గరనే శరీరము అదుపు తప్పసాగెను. హాల్డేన్ మాటయే నిలిచినది. వృద్ధులకు, రోగులకు అవధి ఇంకను తక్కువ.

రాత్రివేళ భేదము మరియొక విధముగా తెలియును. నీటియావిరి నేలనుండి పైకి పోవు వేడిని కొంత అడ్డగించును. ఎడారిపై ఆ దుప్పటి పలుచన. కనుక సూర్యుడు క్రుంకగానే ఇసుక త్వరగా చల్లారును, శరీరము తేరుకొనును. తీరమున ఆ దుప్పటి మందము. పగటి అలసట తీరకముందే తెల్లవారును. ఇట్టి రాత్రులు వరుసగా వచ్చినప్పుడు ముసలివారి గుండెలు మరింత శ్రమపడును.

ఇంతమాత్రమున పొడి వేడి మేలని భ్రమపడరాదు. 2015 మే నెలలో వీచిన వడగాడ్పులకు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములలో కలిపి వేయిమందికి పైగా మరణించిరి. వడలో అపాయము చాటుగా వచ్చును. ఒడలు తడియదు గనుక నీరు ఎంత పోయినదో తెలియదు. ఎండలో పాటుపడువాడు గంటకు లీటరు వరకు, ఒక్కొక్కప్పుడు అంతకు మించియు, చెమటను కోల్పోవచ్చును. ఉక్కలో అపాయము ఎదుటనే యుండును గాని దానినుండి తప్పించుకొనుట కష్టము. వడ మనిషిని ఎండగట్టును. ఉక్క అతని వేడిని అతనిలోనే బంధించును. శత్రువులు ఇద్దరు గనుక ఆయుధములును రెండు రకములు కావలెను.

వడకు మొదటి మందు నీరు. దాహము వేయువరకు ఆగరాదు. ఉప్పు వేసిన పలుచని మజ్జిగ, అంబలి, ఉప్పును పంచదారను తగుపాళ్ళలో కలిపిన నీరు మంచివి. రాజస్థానమువారు తలపాగా చుట్టి ఒడలంతయు వస్త్రముతో కప్పుకొందురు. అది ఎండను, వేడిగాలిని చర్మమునకు తగులనీయని కవచము. మధ్యాహ్నము కిటికీలు మూసి, వట్టివేళ్ళ తడికలను తడుపుట మన పెద్దల పద్ధతి. నేటి కూలరు ఆ తడికకు మనుమడు. గాలి 40 డిగ్రీలను దాటినప్పుడు విసనకర్రయైనను, విద్యుత్ పంకాయైనను ఒంటిపైకి వేడినే విసరును. దానిని మాత్రమే నమ్ముకొనరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరించుచున్నది.

ఉక్కలో ఈ ఉపాయములు కొన్ని తలక్రిందులగును. కూలరు గాలికి మరింత తేమను చేర్చును గనుక మూసిన గదిలో అది మేలుకు మారు కీడు చేయును. కిటికీలు తెరువవలెను, గాలి ఆడవలెను, పంకా ఇచట మిత్రుడు. బట్టలు పలుచగా, వదులుగా నుండవలెను. నీరు త్రాగుట అవసరమే గాని అదియొక్కటే చాలదు. ఆరని చెమటకు ఎన్ని చెంబులు పోసినను ప్రయోజనము స్వల్పము. చన్నీటి స్నానము, తడిబట్టతో ఒడలు తుడుచుట, అన్నిటికంటె ముఖ్యముగా పనిని తగ్గించి విశ్రాంతి తీసికొనుట అసలైన చికిత్స.

ఒక పొరపాటు అభిప్రాయమును ఇచట తొలగింపవలసి యున్నది. చెమట పట్టుచున్నవానికి వడదెబ్బ తగులదని కొందరు నమ్ముదురు. ఉక్కలో కష్టపడువానికి ఒడలంతయు తడిసియుండగనే తగులవచ్చును. మాట తడబడినను, మతి తప్పినను, ఒడలు కాలిపోవుచున్నను జాగు చేయరాదు. నీడకు చేర్చి, ఒంటిపై నీరు పోసి, విసరుచు, 108 వాహనమును పిలువవలెను. స్పృహ లేనివాని నోట నీరు పోయరాదు.

ఈ రెండు వేడిమిలును దగ్గరదగ్గరనే కలిసియుండు ప్రాంతము పారశీక సింధుశాఖ తీరము. కరీంనగరు, నిజామాబాదు, కోనసీమ, కడప సీమలనుండి పొట్టకూటికై అచటికి పోయినవారు మన శ్రోతల కుటుంబములలో ఎందరో కలరు. కువైటు ఎడారిలోని మిత్రిబా అనుచోట 2016 జూలై 21న 53.9 డిగ్రీలు నమోదైనది. అది వడకు రాజ్యము. దుబాయి, దోహా రేవులలో ఆగస్టు మాసమున వెచ్చని సముద్రమునుండి లేచు ఆవిరి ఉక్కకు రాజ్యము. అరబ్బు సంయుక్త రాజ్యములలో జూన్ 15 నుండి సెప్టెంబరు 15 వరకు మధ్యాహ్నము 12.30 నుండి 3 గంటల వరకు ఎండలో పని నిషిద్ధము. ఖతరు ప్రభుత్వము 2021లో ఇంకొక అడుగు వేసి, గడియారముతోపాటు తడిగుడ్డ అంకెను, ఎండ తాకిడిని, గాలి వేడిని కలిపిన కొలతను ప్రమాణముగా స్వీకరించినది. ఆ కొలత 32.1ని దాటినచో ఏ వేళయైనను బయటి పని నిలుపవలెను. సూర్యుడు క్రుంకినంతమాత్రమున ఉక్క తొలగదు గనుక ఇది వివేకవంతమైన నియమము. మీవారికి ఉత్తరము వ్రాయునపుడో, ఫోనులో మాటలాడునపుడో “అచట ఎన్ని డిగ్రీలు?” అని మాత్రమే గాక, “తేమ ఎంత?” అనియు అడుగుడు.

వార్తలలోని రెండవ అంకెను వినునపుడు ఒక మెలకువ అవసరము. తేమ శాతము గాలి వేడిని బట్టి మారును. ఉదయము 8.30 గంటలకు నూటికి ఎనుబది పాళ్ళని విని బెదరనక్కరలేదు. చల్లని గాలిలో కొద్ది ఆవిరియు పెద్ద శాతముగా కనబడును. సాయంకాలము 5.30 గంటల కొలతను గమనింపుడు. ఎండ వేడి ఇంకను మిగిలియుండగా తేమయు హెచ్చుగా నున్నచో ఆ రాత్రి ఉక్క తప్పదు. భారత వాతావరణ శాఖవారును మైదానములలో 40 డిగ్రీలు చేరనిదే వడగాడ్పుల ప్రసక్తి తేరు. తీరమున మాత్రము 37 డిగ్రీలు చేరి, ఆ దినమునకు సహజమైన ఉష్ణోగ్రతకంటె నాలుగున్నర డిగ్రీలు హెచ్చినచో హెచ్చరింతురు.

కనుక శ్రోతలకు మా మనవి ఇది. వాతావరణ వార్తలు వచ్చునపుడు మొదటి అంకెతోనే సంభాషణ నారంభింపక, మరి రెండు క్షణములు ఆగుడు. మొదటి అంకె హెచ్చి రెండవది తగ్గినచో కుండను నింపుడు, తలకు గుడ్డ చుట్టుడు. రెండును హెచ్చినచో కిటికీలు తెరువుడు, పనివానిని కూర్చుండబెట్టుడు, ఇంటనున్న ముసలివారిని ఒకసారి పలుకరింపుడు.